రాతిగండి దారిలో ఇద్దరు నాయకులు

కొమ్మనసెట్టి కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక మహారాజు నిలబడి ఉన్నాడు.

తల మీద తొమ్మిది శిఖరాల కిరీటం, మెడలో మూడు పేటల హారం, పెదవుల మీద చిరునవ్వు. కొమ్మన కంగారుగా చేతులు జోడించబోయి ఆగిపోయాడు. రాజుగారి కంటికీ ముక్కుకీ మధ్య సాలెపురుగు తీరిగ్గా గూడు అల్లుకుంటోంది. రాజుగారు రెప్ప వేయలేదు. రాజుగారు రాయి.

ఆ పక్కన ఒక సేనాపతి, అతని పక్కన ఇద్దరు నగరశెట్లు, తర్వాత ఓడల నాయకుడు, ఒక మఠాధిపతి, ఒక గ్రామపెద్ద. కొండ కడుపులో తొలిచిన ఆ మంటపం పొడుగునా స్తంభానికొకరు చొప్పున నిలబడి ఉన్నారు. స్తంభాలకు చెక్కిన లతల్లో ప్రతి ఆకు ఈనెతో సహా కనిపిస్తోంది. పైకప్పుకు పొదిగిన పచ్చరాళ్లు ఎక్కడో చీలికలోంచి పడే ఒక్క ఎండ పోగును పట్టుకుని మంటపమంతా పాకుడు నీళ్లలా మెరిపిస్తున్నాయి. అంత అందమూ వదిలి కొమ్మన చూపు ముఖాల మీదికే పోయింది. ఎందుకంటే ఆ రాతిముఖాలన్నిటి మీదా ఒకటే చిరునవ్వు ఉంది. నాకు అన్నీ తెలుసు అన్న చిరునవ్వు.

పారిపోదామని అడుగు తీయబోయాడు. అడుగు రాలేదు. కిందికి చూసుకుంటే పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు కాళ్లూ చెప్పులతో సహా చీలమండల దాకా రాయైపోయి ఉన్నాయి.

అప్పుడు నిన్నటి మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. సాగరమేఖల రేవు నుంచి నూట ఇరవై మంది మనుషులు, రెండువందల పెరిక ఎద్దులు, ఎద్దుకు రెండేసి ఉప్పు బస్తాలతో కొమ్మన బిడారు తామ్రగిరి రాజ్యానికి బయల్దేరి అప్పటికి రెండు వారాలైంది. నిన్న కొండల కింద మజిలీ చేసి, నీళ్లు ఎక్కడున్నాయో చూద్దామని కొమ్మన ఒక్కడే ముందుకు వచ్చాడు. దారి చూపే తిప్పడు ఉంటే ఆ పని అతనే చేసేవాడు. "రాతిగండి అడ్డదారి వద్దు సెట్టీ, అది మంచి చోటు కాదు" అన్న పాపానికి తిప్పణ్ణి కొమ్మన వారం కిందట నలుగురిలో నవ్వుల పాలు చేసి, పులుల అడవిలోంచి ఒంటరిగా ఇంటికి పంపేశాడు. అడ్డదారిన పోతే మూడు రోజులు కలిసొస్తుంది, పోటీ బిడార్లకన్నా ముందు అంగడి చేరవచ్చు. మూడు బేరాలు వరుసగా గెలిచిన నాయకుడికి దారి చెప్పడానికి తిప్పడెవడు?

గుట్ట నీడలో ఒక కాషాయం కట్టినాయన కూర్చుని ఉన్నాడు. కొమ్మనను చూస్తూనే, "నాయనా, ఏమి వర్చస్సు! ఇక నువ్వు నేర్చుకోవలసింది ఈ లోకంలో లేదు" అన్నాడు. మూడేళ్ల కిందట ఎవరైనా ఈ మాట అంటే కొమ్మన నవ్వేసి, ఎద్దు డెక్కకు నాడా కొట్టుకోవడానికి పోయేవాడు. నిన్న మాత్రం ఆయన ఇచ్చిన కంచు అద్దం అందుకుని తన ముఖం తాను చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.

"మేలుకొన్నావా నరుడా?"

స్తంభాల మధ్యనుంచి ఆ కాషాయం మనిషే వచ్చాడు. ఇప్పుడు ఒంటి మీద కాషాయం లేదు. బూడిద రంగు తోలు కప్పుకున్నాడు. గడ్డం నేల మీద జీరాడుతోంది. అతని అడుగుకు చప్పుడు లేదు.

"నేను స్తంభనాథుణ్ణి. నిన్ను పట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. నా విద్య మనిషిని అచ్చు పోయడం. కానీ ఎదుగుతున్న మనిషి నా అచ్చులో నిలవడు. మూస చల్లారేలోగా వాడు మారిపోయి ఉంటాడు. మొదటి ఏడు నీ మీద ప్రయోగించాను, అచ్చు పగిలింది. రెండో ఏడూ అంతే. ఈ ఏడు నువ్వే వచ్చి నిలబడ్డావు. కదలకుండా, మెదలకుండా, ఎంత బాగా నిలబడ్డావో!"

"ఏం చేశావురా నా బిడారును?" అని అరిచాడు కొమ్మన.

"నేనేం చేస్తాను? నీ అచ్చు ఇప్పుడు నీ గుర్రమెక్కి నీ మనుషులను రాతిగండికి నడిపిస్తున్నాడు. బలవంతంగా ఈడ్చుకొచ్చినవాడు నాకు పనికిరాడు. నాయకుణ్ణి నమ్మి, తన కాళ్లతో తాను నడిచి ఆ గండి దాటినవాడే రాయవుతాడు. అటువంటి రాతి బంట్లు వెయ్యి మంది కావాలి నాకు. ఇంకా నూట ఇరవై తక్కువ." స్తంభనాథుడు నవ్వాడు. "పొద్దు గుంకేసరికి ఆ కొరత తీరుతుంది. అప్పటికి నువ్వూ మెడ దాకా రాయైపోతావు. తెల్లవారితే తామ్రగిరి కోట మీదికి నా దండు కదులుతుంది."

చెప్పవలసింది చెప్పి మాంత్రికుడు గోడలోకి నడిచి వెళ్లిపోయాడు. కొమ్మన ఒళ్లంతా చెమట పట్టింది. నూట ఇరవై మంది! వాళ్ల ఆడవాళ్లకు, పిల్లలకు తాను మాట ఇచ్చి మరీ తెచ్చాడు. మొలలో కత్తి తీసి కాళ్ల మీది రాయిని పొడిచాడు. కత్తి మొన విరిగింది. పెనుగులాడిన కొద్దీ రాయి ఇంకో బెత్తెడు పైకి పాకింది.

మంటపం మూల ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడైంది. చూస్తే ఒక రక్కసి. రెండు కోరలు, వాటిలో ఒకటి విరిగింది. నడుం వంగిపోయింది. రాతి మనుషుల కాళ్ల దగ్గర రాలిన పెచ్చులన్నీ ఊడ్చి, గోడలోని తూములోకి తోస్తోంది. పేరు దుగ్గి అని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో అందరికన్నా కిందిది, అందరికన్నా వెనకది ఆమే.

వెనక అన్న మాట మనసులో మెదలగానే కొమ్మనకు తన బిడారు ఆచారం ఒకటి తలపుకొచ్చింది. ఉప్పు బిడార్లలో దాన్ని ముద్దకు ముందు మాట అంటారు. మజిలీలో మొదటి ముద్ద ఎత్తబోయే ముందు నాయకుడు, అందరికన్నా వెనక దుమ్ము తింటూ నడిచే మనిషిని పిలిచి, "ఈ పూట నా నడకలో లోపమేమిటి?" అని అడగాలి. చెప్పినంతసేపూ నోరు విప్పకూడదు. విన్నాకే తినాలి. కొమ్మన కూడా రెండేళ్లు అలాగే అడిగాడు. ఈ ఏడు వెనకవాళ్లు వచ్చి చేరేసరికి అన్నం చల్లారిపోతోందని, ముందు నడిచే ఈరన్ననే అడగడం మొదలుపెట్టాడు. ఈరన్న ఎప్పుడూ, "తమ నడకలో లోపమా దొరా! ఎంత మాట!" అనేవాడు. అన్నం వేడివేడిగా తినేవాడు కొమ్మన.

ఇప్పుడు ఇంకో దారి లేదు. గొంతు సవరించుకుని, "అవ్వా, నా నడకలో లోపమేమిటో చెప్తావా?" అన్నాడు.

దుగ్గి చీపురు ఆపింది. "నన్నా అడుగుతున్నావు?"

"నిన్నే."

"మూడొందల ఏళ్లయింది, నన్నెవరూ ఏదీ అడగలేదు," అంటూ దగ్గరికొచ్చింది. "నిన్న నిన్ను మోసుకొచ్చింది నేనే. దారి పొడుగునా మత్తులో కలవరించావు. నా ఉప్పు, నా ఎద్దులు, నా పేరు, నా ముందు ఆ సెట్లెంత, ఇదే గోల. వెంట అంతమంది ఉన్నారంటగా? ఒక్కడి పేరైనా రాలేదు నీ నోట."

"మత్తులో ఉన్నవాడి మాటలు పట్టుకుని—"

కటకటమంటూ రాయి ఎడమ మోకాలి దాకా ఎక్కింది. కొమ్మన నాలుక కరుచుకున్నాడు.

"ఇంకోటి కూడా చెప్తా," అంది దుగ్గి. "ఇప్పుడు అడిగావే, అది కూడా నా మాట వినాలని అడగలేదు. కాళ్లు ఊడతాయేమోనని అడిగావు. అంతే గదా?"

అంతే. కొమ్మనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈసారి సాకు వెతకలేదు. మొదటిసారి ఆ ముసలిదాని ముఖం నిజంగా చూశాడు. విరిగిన కోర, చీపురు పట్టి కాయలు కాసిన చేతులు, వాచిన పాదాలు. సిగ్గుతో తల దించుకున్నాడు.

టప్పుమని చప్పుడైంది. కుడికాలి మీది రాయి గుడ్డు పెంకులా విడిపోయింది. ఎడమకాలి రాయి మోకాలి నుంచి కిందికి జారి చీలమండ దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఎంత గుంజినా రాలేదు. నేలనుంచి మాత్రం ఊడి వచ్చింది.

"అది సాకు చెప్పిన కాలు," అంది దుగ్గి. "దాన్నట్టాగే ఈడ్చుకుపో. ఇదిగో, చెత్త తోసే తూము. బతికుంటే కింద తేల్తావు."

"నీ పేరేమిటవ్వా?"

"దుగ్గి. పో, పో!"

కొమ్మన తలకిందులుగా తూములోకి దూకాడు. చీకటి, దుమ్ము, వందల ఏళ్ల రాతిపెచ్చులు. మోచేతులు చెక్కుకుపోయాయి. రాతికాలు గోడలకు కొట్టుకుని నిప్పురవ్వలు లేచాయి. ఒక్కసారిగా వెలుతురు కళ్లలో కొట్టింది, కింద నేల లేదు! తాటిచెట్టంత ఎత్తు నుంచి పెచ్చుల గుట్ట మీద పడి, దానితోపాటే లోయలోకి జారాడు.

లేచి నిలబడ్డాడో లేదో, పైన ఎండ మాయమైంది. ఇంటి కప్పంత రెక్కలు చాపుకుని ఒక రాబందు దిగుతోంది. ఇనుప ముక్కు, దీపపు ప్రమిదలంత కళ్లు. మాంత్రికుడి కావలి పక్షి అది. భుజం పట్టి గాల్లోకి లేపింది. కొమ్మన విరిగిన కత్తి విసిరాడు, ఈకలకు తగిలి జారిపోయింది. నోరు తెరిచి తల మీదికి వంగిన ఆ పక్షి ముక్కు మధ్య, బలమంతా కూడగట్టి, రాతికాలు తోశాడు. పటపటమని ముక్కు చిట్లింది. రాబందు కీచుమని కొమ్మనను వదిలేసింది. రేగు పొదల మీద పడి, ముళ్లన్నీ ఒంటినిండా గుచ్చుకుని లేచాడు. సాకు చెప్పిన కాలు అంతమాత్రం పనికొచ్చినందుకు సంతోషించే తీరిక లేదు. పొద్దు పడమటికి వాలుతోంది. ఒక కాలు పరుగెత్తుతుంటే, ఒక కాలు ఈడుస్తుంటే, కొమ్మన రాతిగండి వైపు దారి పట్టాడు.

ఆ గండిని చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. రెండు ఎర్రటి కొండలు ఒకదాని చెవిలో ఒకటి రహస్యం చెప్పుకుంటున్నట్టు తలలు ఆనించుకుని ఉంటాయి. వాటి మధ్య నాలుగు ఎద్దులు పక్కపక్కన పట్టే సందు. సందు బయట సాయంకాలపు ఎండ కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది. సందు లోపలికి ఆ ఎండ ఒక్క అంగుళం కూడా పోదు. చుట్టుపక్కల కాకి అరవదు, ఈగ ముసరదు. గాలి మాత్రం లోపలికే పోతుంటుంది, బయటికి రాదు.

బిడారు గండి ముందు ఆగి ఉంది. ఎద్దులు మొరాయిస్తున్నాయి. ముందు వరస ఎద్దులు కాళ్లు నేలలో తన్నిపెట్టి బుసలు కొడుతున్నాయి. తెల్ల గుర్రం మీద, పట్టు తలపాగాతో, కొమ్మనసెట్టి కూర్చుని, "ఎద్దులను వదిలేయండి! మనుషులు ముందు పదండి!" అని కేకలు వేస్తున్నాడు. కొమ్మన తన ముఖాన్ని తాను బయటినుంచి చూశాడు. ఎంత అందంగా ఉన్నాడు! ఎంత ధీమాగా ఉన్నాడు!

"ఆగండి! ఎవరూ కదలొద్దు!"

అందరూ వెనక్కి తిరిగారు. రక్తం, దుమ్ము, ముళ్లు, చినిగిన పంచె. ముఖం మాత్రం తమ నాయకుడిదే.

"వచ్చాడు చూశారా!" అన్నాడు గుర్రం మీదివాడు తొణక్కుండా. "ఈ కొండల్లో మాంత్రికుడు నా రూపంలో తిరుగుతున్నాడని పొద్దున చెప్పానా లేదా? పట్టుకోండి!"

నలుగురు బంట్లు కొమ్మన రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఈరన్న ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా బిడారు ముందు నడిచిన మనిషి, కొమ్మన ఎంత అంటే అంత.

"తొందరపడొద్దు. నేనడుగుతా, ఇద్దరూ చెప్పండి," అన్నాడు. "నేను తమకు మొదట కొనిచ్చిన కోడె పేరేంది?"

"సందమామ," అన్నారిద్దరూ ఒకేసారి.

"పోయినేడు తామ్రగిరి రాజుగారు తమ చెవిలో ఏమన్నారు?"

"నీ ఉప్పు లేనిదే ముద్ద దిగడం లేదన్నాడు," అని గుర్రం మీదివాడు వెంటనే చెప్పాడు. కొమ్మన అదే మాట ఆయాసంతో ఆలస్యంగా చెప్పాడు. జనంలో గుసగుసలు లేచాయి.

"వాడి కాలు చూడండి! రాతికాలు!" అని ఎవడో అరిచాడు.

ఇంకేముంది. ఈరన్న ముఖంలో అనుమానం పోయింది. "మాయలమారి! మా దొర రూపమే దొరికిందా నీకు?" అని కొమ్మన మీద ఉమ్మేశాడు. ఆ ఉమ్ము తుడుచుకోవడానికి కొమ్మనకు చేతులు ఖాళీ లేవు.

"ఈరన్నా, నన్ను చంపు, కాదనను," అన్నాడు. "కానీ ఆ గండిలోకి నాయకుణ్ణి నమ్మి నడిచినవాడు నడిచినట్టే రాయైపోతాడు. అందుకే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చారు. ఒక్క పని చెయ్యండి. మజిలీ దగ్గర ముద్దకు ముందు మాట అడగడం మన కట్టుబాటు. వెనకవాళ్లు వచ్చేదాకా ఆగండి. అడగనివ్వండి."

కట్టుబాటు అనేసరికి జనం ఆగారు. గుర్రం మీదివాడు పొద్దు వంక చూశాడు. "పనికిమాలిన ఆలస్యం! వెనక నడిచే ఆ ముసల్ది వచ్చేసరికి పొద్దు గుంకుతుంది," అన్నాడు. ఆగడం కొమ్మనకూ ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది. ఎడమకాలి రాయి మెల్లగా పిక్కల్లోకి పాకుతోంది. అయినా ఆగాడు.

చివరికి ఓబులక్క వచ్చింది. రెండు కుంటి ఎద్దులను తోలుకుంటూ, తల నుంచి పాదాల దాకా దుమ్ముతో. అడవికి పంపిన తిప్పడికి సొంత అక్క ఆమె. ఇద్దరు నాయకులనూ చూసింది. ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

"ఓబులక్కా," అన్నాడు కొమ్మన, "నా నడకలో లోపమేమిటి?"

"ఏడాదికి అడిగావా సెట్టీ?" అంది. తర్వాత గొంతు మారింది. "నా తమ్ముడు నీకు దారి చెప్పాడు. నీ మంచికే చెప్పాడు. అందరిలో నవ్వించి తరిమేశావు. చేతిలో ఒక కర్ర కూడా ఇవ్వలేదు. మూడో నాడు వెనక్కి పోయి వెతికి, వాగొడ్డున వాడి తలగుడ్డ చూశాను. నెత్తురు ఉంది దాని మీద. నీకు చెబుదామని వచ్చాను. అన్నం తింటున్నావు, తర్వాత రమ్మన్నావు."

కొమ్మన నోరు విప్పలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఏదైనా చెబితే ఆమె బాధ తక్కువ చేసినట్టవుతుందని అతనికి అర్థమైంది.

"ఏం మాటలే అవి!" అని గుర్రం మీదివాడు గద్దించాడు. "నేను పొమ్మన్నది ఇంటికి గానీ పులి నోట్లోకి కాదు! బిడారు నడపాలంటే ఒక్కొక్కసారి గట్టిగా ఉండాలి. నీలాంటివాళ్లకేం తెలుస్తుంది? ఆ రోజు ఎండ ఎంత ఉందో, నాకెన్ని పనులున్నాయో!"

ఓబులక్క అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"ఈ గుర్రం మీదాయన మన సెట్టే. అనుమానం అక్కర్లేదు. ఏడాదిగా నేను చూస్తున్న సెట్టి ఈయనే. ఈ రాతికాలాయన ఎవరో నాకు తెలీదు." కొమ్మన వైపు చేయి చూపించింది. "కానీ అడిగాడు, చెప్పినంతసేపూ నోరు మూసుకున్నాడు. మీకు నాయకుడు కావాలంటే ఈ తెలియనాయన్నే పెట్టుకోండి."

బంట్ల పట్టు సడలింది. గుర్రం మీదివాడి చెంప మీద సన్నటి పగులు ఒకటి కనిపించింది, ఎండిన మట్టి మీద కనిపించే పగులులాంటిది. అతడు దాన్ని అరచేత్తో మూసుకుని, "నన్ను నమ్మినవాళ్లు నా వెంట రండి!" అంటూ గుర్రాన్ని గండిలోకి దూకించాడు.

"వద్దు ఈరన్నా! వద్దు!"

ఈరన్న వినలేదు. ఇరవై ఏళ్లుగా ముందు నడవడం అలవాటైన కాళ్లు. దొర పిలిస్తే ఆగడం తెలియని మనిషి. అతని వెనక ముందు వరస బంట్లు పదకొండు మంది. నీడ గీత దాటారు. ఒక అడుగు, రెండడుగులు. మూడో అడుగు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు ఈరన్న. తలపాగా, మీసం, చేతి కర్ర, అన్నీ బూడిద రంగుకు తిరిగాయి. వెనక పదకొండు మందీ అలాగే. చూస్తున్న వందమందిలో ఆడవాళ్లు గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు.

కొమ్మన రాతికాలు ఈడ్చుకుంటూ గండి వైపు కదిలాడు. ఉమ్మేసినవాడైనా ఈరన్న తనవాడు, ఎలాగైనా విడిపించి తేవాలి. తన పొగడ్త కోసం తాను పెంచుకున్నవాడు. బతికున్న బంట్లు పదిమంది ముందుకొచ్చి, "మేమూ వస్తాం నాయకా! ఇప్పుడు నువ్వెవరో మాకు తెలుసు. నీ మీద మాకు నమ్మకం ఉంది!" అన్నారు.

"ఉంటే మీరు రాకూడదు," అన్నాడు కొమ్మన. "నమ్మినవాణ్ణే ఆ గండి పట్టుకుంటుంది. ఎద్దులను తీసుకుని వెనక్కి కొండల కింది మజిలీ దాకా పోండి. నేనొక్కణ్ణే పోతాను."

అప్పుడు ఓబులక్క కుంటి ఎద్దుల పగ్గాలు పక్కవాడి చేతికిచ్చింది. కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది. కింద పడి ఉన్న ఒక కర్ర తీసుకుని వచ్చి కొమ్మన పక్కన నిలబడింది.

"నేనొస్తా," అంది. "నాకు నీ మీద నమ్మకం లేదు సెట్టీ."

కొమ్మన తలూపాడు. నీడ గీత మీద ఇద్దరూ కలిసి అడుగు వేశారు. రాయి కాలేదు. వెనక సూర్యుడి చివరి అంచు కొండ కింద మునిగిపోయింది. ముందు చీకట్లో, రాతి మనుషుల వెనకనుంచి, కొమ్మన గొంతే ఎంతో ప్రేమగా, "రండి, రండి" అని పిలిచింది.